మొగుణ్ణి కొట్టిన భార్య

పొన్నమ్మ చెంప ఛెళ్లుమంది. కానీ దెబ్బ కెమెరాలో పడలేదు.

"మీ ఆయన వీపు అడ్డమొచ్చిందక్కా. ఇంగో తూరి," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్ అజిత్.

పొన్నమ్మ తొండియార్‌పేటలో రొయ్యలు వొలిచే షెడ్డులో పనిచేస్తుంది. తాగొచ్చి కొట్టే మొగుడు చెంగల్రాయుణ్ణి నలుగురి ముందు నిలబెట్టాలని ఈ టీవీ పంచాయితీకి వచ్చింది. ఏడ్చే ఆడవాళ్లను అక్కున చేర్చుకుని తీర్పు చెప్పే మేడం ఇందులోనే ఉంటుంది. ఆ మేడం ఇప్పుడు పక్కకు తిరిగి ముఖానికి పౌడరు అద్దించుకుంటోంది.

"మళ్లా కొట్టించుకోమంటావా?"

"సుమ్మా, ఊరికే ఒక్క తూరేక్కా. జనం చూస్తేనే గదా నీకు న్యాయం."

"న్యాయం అడిగేదానికి వచ్చినా. దెబ్బలు ఇంట్లోనే ఉండాయి. ఇంగ చాలు."

అజిత్ ఆమెను వదిలేసి చెంగల్రాయుడి చెవిలో ఏదో ఊదాడు. ఆమెకు ఒక్క మాటే వినబడింది: కృష్ణన్. తాగినప్పుడల్లా మొగుడు ఆమెకు అంటగట్టే షెడ్డు మేస్త్రీ పేరు.

చెంగల్రాయుడు ఒక్క ఉదుటున వచ్చి ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. కుర్చీ అంచు తగిలి పెదవి చీలింది. నోరంతా రక్తం. పడిపోయినదాన్ని కడుపులో తన్నాడు, మళ్లీ తన్నాడు. కెమెరా దగ్గరికి జరిగింది. చప్పట్లకని కూలికి తెచ్చిన జనం కదలకుండా చూస్తున్నారు. మళ్లీ లేచిన కాలును పొన్నమ్మ రెండు చేతులా పట్టి లాగింది. వెల్లకిలా పడ్డవాడి మీదికెక్కి పిడికిళ్లతో గుద్దింది.

అప్పుడు వినబడింది, "అయ్యో, ఆపండి!" అంటూ మేడం గొంతు.

ఆ వారంలోనే టీవీలో వచ్చింది. పక్కింటి వాసంతి ఇంట్లో కూర్చుని చూసింది పొన్నమ్మ. తను మొగుడి మీదెక్కి గుద్దడం, అదే మళ్లీ మెల్లగా, ఉరుముల్లాంటి సంగీతంతో. కింద 'మొగుణ్ణి చితకబాదిన భార్య' అని అక్షరాలు. ఆడదానికి ఓర్పు ఉండాలని మేడం కళ్లొత్తుకుంది. పొన్నమ్మ తిన్న దెబ్బ ఒక్కటీ లేదు.

"ఏందక్కా, ఆయప్పను ఇట్టా కొడితివి?" అంది వాసంతి.

పొన్నమ్మ పెదవి ఎత్తి లోపలి కుట్లు చూపించింది. వాసంతి టీవీ ఆపేసింది.

పొన్నమ్మ ఫోన్ మోగితే స్పీకర్లో పెట్టింది. అజిత్.

"అక్కా, రొంబ బాగా పోయింది! మొగుడు కొట్టేది అందురూ చూసిందే, పెళ్లాం కొట్టేదే కొత్త. రేపు కారు పంపిస్తా. ఆయన కాళ్ల మీద పడి మన్నింపు అడిగితే ఇంగో ఎపిసోడు అవుతాది."

గడపలో చెంగల్రాయుడు నిలబడి ఉన్నాడు. టీవీ మాటలూ ఫోన్ మాటలూ రెండూ విన్నాడు.

"వీధంతా నన్ను జూసి నవ్వతా ఉంది. వస్తానని చెప్పవే!" అని చెయ్యెత్తాడు.

పొన్నమ్మ ఆ చేతినే చూస్తూ, ఫోన్లోకి చెప్పింది.

"రాను. ఆడ పడను, ఈడా పడను."

వాసంతి లేచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. చెంగల్రాయుడి చెయ్యి ఇంకా దిగలేదు. ఫోన్లో అజిత్ "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు.