పక్కవాళ్ల గాలి

సముద్రం ఎవడబ్బ సొమ్మూ కాదు గానీ, దాంట్లోకి దిగే ఉద్యోగం చెయ్యాలంటే మాత్రం ఏడాది పొడుగునా ఎవరో ఒకరికి డబ్బు కడుతూనే ఉండాలి. డైవ్‌మాస్టర్‌గారి భర్తకి ఈ సంగతి పెళ్లయ్యాకే తెలిసింది.

సరదాకి వచ్చినవాళ్ల వీపుకి గాలి సిలిండర్ కట్టి, నీళ్ల అడుగుకి తీసుకెళ్లి, చేపల్ని చూపించి, క్షేమంగా పైకి తేవడం ఆవిడ పని. ఒకసారి పరీక్ష పాసైతే సరిపోదా? సరిపోదు. డైవింగ్ సంస్థకి ఏటా సభ్యత్వం కట్టకపోతే కార్డు చెల్లదు. ఇన్సూరెన్స్ లేకపోతే పడవ ఎక్కనివ్వరు. చెవులూ ఊపిరితిత్తులూ బాగున్నాయని డాక్టరు సంతకం పెట్టాలి, ఆయనేమన్నా చుట్టమా ఊరికే పెట్టడానికి? వేసుకునే సూటు మోకాళ్ల దగ్గర చిరిగి కూర్చుంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, సిలిండర్‌లోని గాలిని నోటికందించే రెగ్యులేటర్‌ని ఏటా విప్పించి సర్వీసింగ్ చేయించడం ఒక్కటీ ఒక ఎత్తు.

"నీ జీతమంతా ఆ ఉప్పునీళ్లలోనే కరిగిపోతోందే చేపా!" అనేవాడు భర్త. అతనికి బజారులో చిన్న సెలూన్ ఉంది. నోరు కత్తెరకన్నా వేగంగా ఆడుతుంది. "నా కత్తెరకి సాన పట్టిస్తే ఏడాది దాకా నోరెత్తదు. నీ సామాను చూడు, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది."

ఆవిడ నవ్వేసేది. కానీ ఈ ఏడు సెలూన్ అద్దె పెరిగింది. వేళాకోళం కాస్తా నిజమైంది. "కార్డు గడువు వచ్చే నెలతో అయిపోతుందిగా, పోనీ వదిలెయ్. సెలూన్‌లో ఆడవాళ్లకో గది వేద్దాం, నువ్వు చూసుకో" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. ఆవిడ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఒక్కసారి నాతో కిందకి రండి. చూశాక కూడా మానెయ్యమంటే, సరే, మానేస్తాను."

"ఇదేం పందెమే? సరే, ఏముందో ఆ అడుగున నేనూ చూస్తాను."

అతనికి తెలియనిది ఒకటుంది. సీజన్ మొదట్లో ఆవిడ ఖర్చు ఎలా తగ్గించిందన్నది. డైవ్‌మాస్టర్ సిలిండర్‌కి రెండు గొట్టాలుంటాయి. ఒకదాని చివర తను పీల్చుకునే నోటిముక్క. రెండోది పసుపుపచ్చది, ఛాతీ మీద వేలాడుతుంది. పక్కవాళ్ల గాలి అయిపోతే వాళ్ల నోటికివ్వడానికి. ఇన్నేళ్లలో దాని అవసరం ఎవరికీ రాలేదు. అందుకని తన నోటిది సర్వీసింగ్ చేయించి, పచ్చదాన్ని అలాగే ఉంచేసింది. దిగే ముందు బటన్ నొక్కితే బుస్సుమని గాలి వస్తూనే ఉంది. ఇంకేం కావాలి? "చూశారా, ఈసారి ఖర్చెంత తగ్గించానో!" అని ఇంట్లో గొప్పగా చెప్పుకుంది కూడా, ఎలాగో మాత్రం చెప్పలేదు.

సెలూన్ సెలవునాడు పొద్దున్నే, మొదటి బ్యాచ్‌గా ఇద్దరూ దిగారు. మొదట్లో అతను కాళ్లూ చేతులూ కొట్టుకుని నానా యాగీ చేశాడు. తర్వాత కుదుటపడ్డాడు. నీలం రంగు చేపల గుంపొకటి ముఖం ముందునుంచి వెళ్తుంటే చెయ్యి చాచి అలా ఉండిపోయాడు. ఆవిడ చేపల్ని చూడలేదు, మొగుణ్ణే చూసింది. కడుపు నిండిపోయింది.

పచ్చగొట్టం అందుకోవడం మామూలు అతిథులకి పడవ మీద చూపించి ఊరుకుంటారు. ఈయన సొంత మనిషాయె, నీళ్లలో కూడా ఒకసారి అలవాటు చేద్దామనిపించింది. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, సైగ చేసి, పచ్చది అందించింది. అతను తన నోటిది తీసి దాన్ని పెట్టుకుని పీల్చాడు.

గాలితోపాటు నీళ్లొచ్చాయి. అతని కళ్లు వెళ్లుకొచ్చాయి. ఆవిడ మీదమీదకి వచ్చి పట్టుకున్నాడు. అతను వదిలేసిన గొట్టం వీపు వెనక్కి పోయింది, వెతికే వ్యవధి లేదు. ఆవిడ ఆలోచించలేదు. తన నోట్లోది లాగి అతని నోట్లో కుక్కి, బటన్ నొక్కి పట్టింది. పచ్చదాన్ని తను కరిచి, నీళ్లు మింగుతూ, ఆ సందున దొరికిన గాలి పీల్చుకుంటూ, అతణ్ణి వాటేసుకుని మెల్లగా పైకి తెచ్చింది. లోతు లేదు కాబట్టి బతికిపోయారు.

పడవెక్కి దగ్గి, ముక్కు చీది, అతను ఫక్కున నవ్వాడు.

"నీళ్లు మింగాను చూశావా! నాకు చేతకాక. అయినా... అబ్బ, ఏముందే కింద! నువ్వే గెలిచావు. కట్టుకో, ఎంతయితే అంత కట్టుకో. ఇక నోరెత్తితే ఒట్టు."

ఊరుకుంటే ఉద్యోగం నిలబడుతుంది. ఇన్నాళ్లూ ఆవిడ ఎదురుచూసిన మాట అదే. తువ్వాలు పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"చేతకాకపోవడం కాదండీ. మీ తప్పేం లేదు. ఆ పచ్చదాన్ని నేను సర్వీసింగ్ చేయించలేదు."

"నువ్వు పీల్చేది?"

"అది చేయించాను."

అతని ముఖంలో నవ్వు పోయింది. "అంటే నా గడ్డానికి కొత్త బ్లేడూ, వచ్చినవాడికి పాత బ్లేడూనా?"

ఆవిడకి ఏడుపు ఆగలేదు. "మీ కంటికి నా ఉద్యోగం చవగ్గా కనపడాలనండీ. ఖర్చు చూసి మానిపించేస్తారేమోనని భయం."

అతను తల దించుకున్నాడు. రోజూ లెక్కలడిగింది తనే కదా. "ఈ సీజనంతా దీంతోనేనా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు ఆవిడకి గుర్తొచ్చారు, ఈ సీజన్‌లో దిగినవాళ్లు. రిటైరై వచ్చిన మాస్టారు. కూతురు బలవంతం మీద దిగిన తల్లి. పైకొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చేసిన లావుపాటాయన. అందరూ ఆవిడ చెయ్యి పట్టుకునే దిగారు.

"రెండో బ్యాచ్ సిద్ధం!" అని పడవ యజమాని కేకేశాడు. కొత్తగా పెళ్లైన జంట, మాస్కులు నుదుటికెక్కించుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డారు. అమ్మాయి పచ్చగొట్టం వైపు చూపించింది. "ఇదెందుకండీ?"

అడిగినవాళ్లందరికీ ఆవిడ చెప్పే జవాబొకటుంది. భయపడకండి, మీ గాలి అయిపోతే నా దగ్గర మీకోసం ఇది ఉంది, అని. ఆవిడ ఆ గొట్టాన్ని తన వైపు లాక్కుంది.

"ఇవాళ నేను దిగనండీ" అంది. "మీకివ్వడానికి నా దగ్గర గాలి లేదు."