బొమ్మ తలకు కుడికన్ను

అక్కకు ఎడమకన్ను కనిపించదు. ఉన్నదల్లా కుడికన్ను ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ వెంటబెట్టుకుని, నలభై రెండేళ్ల వయసులో, ఆదివారం ఆఫీసువాళ్లతో ఎయిర్‌సాఫ్ట్ ఆడతానని బయల్దేరింది. రెండు జట్లుగా విడిపోయి, బఠాణీ గింజంత ప్లాస్టిక్ పూసల్ని తుపాకులతో ఒకరిమీద ఒకరు పేల్చుకునే ఆట అది. వద్దని తమ్ముడు వారం రోజులు మొత్తుకున్నాడు. వింటే ఆవిడ అక్క ఎందుకవుతుంది? "మాస్కు నువ్వే దగ్గరుండి కొనిపించు" అనేసరికి ఆవిడ వెంట మాస్కుల దుకాణానికి బయల్దేరాడు.

దుకాణం వెనకగది ఇరుగ్గా, పొడుగ్గా ఉంది. ఆ చివర బల్లమీద ఒక ప్లాస్టర్ తల, దాని కళ్లగుంటల్లో తడిమట్టి ముద్దలు. దుకాణదారు మాటలతో మాస్కులమ్మే రకం కాదు. అందరికీ దళసరి కళ్లజోళ్లు తగిలించి, మాస్కును ఆ తలకు తొడిగి, కాల్చి చూపిస్తాడు. ఆఖరి దెబ్బ మాత్రం కొనేవాళ్ల వెంట వచ్చినవాళ్లే కొట్టాలి. అది అతని మొండిపట్టు.

"నాకిది కావాలి" అంటూ అక్క కళ్లదగ్గర ఇనుపవల ఉన్న మాస్కు ఎత్తింది. "అద్దమైతే ఆవిరి పడుతుంది. ఉన్న ఒక్క కన్నూ మసకబారితే స్తంభాల్ని కౌగిలించుకోవాలి."

దుకాణదారు దాన్ని బొమ్మ తలకు తొడిగి కాల్చాడు. వల చెక్కుచెదరలేదు. చూశావా అన్నట్టు అక్క తమ్ముడివైపు చూసింది. దుకాణదారు మాస్కు విప్పి, కుడికన్ను మట్టిముద్దను తెచ్చి లైటు కింద పెట్టాడు. అందులో మూడు తెల్లటి ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి.

"వల ఆగిందమ్మా. పూస పగిలి, ముక్కలు లోపలికొచ్చాయి."



తర్వాత అద్దం మాస్కు. అది పెట్టుకుని అక్క ఉన్నచోటే పరుగు తీసింది. రెండు నిమిషాలకే అద్దమంతా ఆవిరి. తుడుచుకుందామని మాస్కు ఎత్తబోతుంటే దుకాణదారు గట్టిగా అరిచాడు.

"ఎత్తకండి! ఇలా ఎత్తినప్పుడే మైదానంలో కళ్లు పోతాయి."

మూడోదానికి జంట అద్దాలు, పైన గుండీ అంత ఫ్యాను. ఐదు నిమిషాలు గెంతినా మసక రాలేదు. దాన్ని బొమ్మ తలకు తొడిగి, గుంటలో కొత్త మట్టి పెట్టి, దుకాణదారు నాలుగు దెబ్బలు కొట్టాడు. ఐదో దెబ్బకు తుపాకీ తమ్ముడి చేతికిచ్చాడు.

తమ్ముడు గురిపెట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు గోడమీది డబ్బాకు ఉండేలు గురిపెట్టింది ఈ చెయ్యే. అదే క్షణంలో గోడ మలుపు తిరిగి వచ్చింది అక్క. కంచె పక్కన పడి ఉండటం చూసి, కంట్లో కంచె తీగ గుచ్చుకుందని అమ్మ అనుకుంది. ఇతను కాదనలేదు. ముప్పయ్యేళ్లుగా కాదనలేదు.

"నావల్ల కాదు" అని తుపాకీ దించేశాడు. "అక్కా, ఆరోజు గుచ్చుకుంది తీగ కాదు."

"తెలుసు. ఉండేలు నీ చేతిలో చూశాను."

"మరి అమ్మకి చెప్పలేదే?"

"చెప్తే నీ వీపు విమానం మోత మోగేది. పోయిన కన్ను వస్తుందా ఏంటి?" అక్క అతని మోచేతిని పట్టి పైకి లేపింది. "అప్పుడు చెప్పకుండా కొట్టావు. ఇప్పుడు చెప్పి కొట్టరా."

ఊపిరి బిగబట్టి కొట్టాడు. పూస సరిగ్గా కుడికన్ను అద్దానికే తగిలింది. అక్కే మాస్కు విప్పి, మట్టిముద్దను వేలితో తడిమి చూసింది. నున్నగా ఉంది.

"ఇది తీసుకుంటాం" అంది దుకాణదారుతో. "ఇలాంటిదే వీడిక్కూడా ఒకటివ్వండి. ఆదివారం నా ఎడమవైపు వీడే నిలబడాలి."