నిషాదం మీద నిలిచిన వేలు

నేను ఒక హార్మోనియం పెట్టెను. టేకు ఒళ్లు, ఇత్తడి రీడ్ల గొంతు. రాజమండ్రిలో పుట్టాను. మొదట నన్ను కొన్న భజన సమాజం పెద్ద ఇరవై ఏళ్లూ ఒకే శ్రుతిలో వాయించాడు. నా మెట్లలో సగం ఆయన వేలు ఎరగవు. అయినా ఆ సమాజం విడిపోయిన రోజు ఎంత దిగులుపడ్డానో! పోయే చేతికోసం ఏడవడమే గాని, రాబోయే చేయి ఎలాంటిదో నాకేం తెలుసు?

ఆ చేయి బసవపున్నయ్యది. రేపల్లె వైపు పద్యనాటకాలకు హార్మోనిస్టు. నాటకాలవాళ్లకు శ్రుతి అంటే మీసం లాంటిది. ఎవరి అంకె వాళ్లు గట్టిగా చెప్పి మరీ రంగం మీదికొస్తారు; అంకె ఎంత పెద్దదైతే శ్రుతి అంత పైది. రాణి వేషం వేసే వల్లీశ్వరిది ఆరు. యాభై దాటాక గొంతు దిగింది, అంకె దిగలేదు. మనుషులు వయసు దాస్తారని విన్నాను. శ్రుతి దాచడం అక్కడే చూశాను.

ఒక పరిషత్తు పోటీలో, మధ్యాహ్నం ప్రదర్శనకు ముందు, నాటక సమాజం నడిపే కోటిరెడ్డి తెర వెనక అనేశాడు: "వల్లమ్మా, పోయినసారి పై షడ్జమం కాడ గొంతు చీలింది. ఈ పూటా అట్టాగే అయితే రాణి వేషం ఇంకోళ్లకిస్తా. తర్వాత నన్ననుకోబాకు."

అతను వెళ్లాక బసవపున్నయ్య మెల్లగా, "ఐదుకు దిగరాదా అమ్మా?" అన్నాడు.

"దిగితే నవ్వరా? ఆరే వాయించన్నా. పోతే పోద్ది," అంది వల్లీశ్వరి. ఆ వేషం తప్ప ఆమెకు వేరే బతుకు లేదు.

మొదటి పద్యం ఆరులో ఎలాగో గట్టెక్కింది. అసలు పద్యం మిగిలింది. రాజు కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లేదాకా ఆ ఖాళీ నింపవలసింది నేనే. బసవపున్నయ్య రాగం తీస్తూ తీస్తూ నిషాదం మీద, అంటే ఐదో అంకె మెట్టు మీద, వేలు నిలిపాడు. కదల్లేదు. జనం చెవులకు అదే ఇల్లు అనిపించేదాకా ఆగి, దాన్నే షడ్జమం చేసేశాడు. పాత శ్రుతికి చివరి స్వరం కొత్త శ్రుతికి మొదటిదైంది. వల్లీశ్వరి ఒక్క క్షణం మావైపు చూసి, పద్యం అందుకుంది. పై షడ్జమం పగలకుండా విచ్చుకుంది.

"వన్స్ మోర్!" అని వెనక బెంచీలు అరిచాయి. మళ్లీ పాడింది, ఇంకా బాగా.

తెర పడగానే కోటిరెడ్డి బసవపున్నయ్య దగ్గరికి వచ్చాడు. "నిజం చెప్పవయ్యా, అది ఆరేనా?"

"ఆరో, ఐదో! వన్స్ మోర్ అన్నప్పుడు నువ్వూ చప్పట్లు కొట్టావుగా. ఇప్పుడిస్తావా వేషం ఇంకోళ్లకి?"

కోటిరెడ్డి నవ్వాపుకోలేక వెళ్లిపోయాడు. ఆమె మరో తొమ్మిదేళ్లు రాణిగానే ఉంది.

బసవపున్నయ్య పోయాక అతని భార్య నన్ను వల్లీశ్వరికే ఇచ్చింది. అతని చేతికోసం ఇప్పటికీ దిగులే. నా తిత్తికి మూడు అతుకులు పడ్డాయి. సాయంత్రాలు ఆడవాళ్లు పద్యం నేర్చుకోవడానికి వస్తారు. నిన్న కొత్తగా వచ్చినావిడ భయంభయంగా, "ఎంతలో పాడాలండీ?" అంది.

"నీకు హాయిగా ఉన్నంతలో పాడమ్మా. మేం నీ వెనకాలే వస్తాం," అంది వల్లీశ్వరి.

మేం అంటే ఆమే, నేనూ. ఇన్ని చేతులు మారినదాన్ని, ఆ ఒక్క మాటలో నన్నూ కలుపుకుంది. అతుకుల తిత్తి నిండా గాలి తీసుకున్నాను.