ఊదుగొట్టం

"అయితే బాండీకి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిపోయిందంటావు," అంది మా అత్త. ఆ మాట మొదట వంటింట్లో అంది, తర్వాత పెరట్లో అంది, ఇప్పుడు ముందుగదిలో అందరి మధ్యా అంటోంది.

"నడిచి వెళ్ళలేదత్తా. నేనే ఇచ్చేశాను."

"ఎవరికి?"

నేను చాప ఎత్తి కింద ఊడ్చాను.

"నిన్నేనే మరగదం. నా పెళ్ళికి మా అన్న తెచ్చిన బాండీ అది. రేపే ఆడి నెల పద్దెనిమిది, చిన్నకోడలికి పెట్టిన మంచిరోజు. సీసం దేంట్లో కరిగిస్తాం, నీ నెత్తి మీదా?"

బల్ల దగ్గర పట్టీలకి మువ్వలు అతుకుతున్న మా ఆయన తంగవేలు తలెత్తకుండానే నవ్వాడు. "క్లాసుకెళ్ళొచ్చింది కదమ్మా. ఇంక మనందరికీ పాఠాలు చెబుతుంది. ముందు ఆ మూల సరిగ్గా ఎత్తమను, పొడంతా అక్కడే ఉంది."

మా మరిది అళగేశన్ కూడా నవ్వాడు. అతని భార్య పూంగొడి మాత్రం నవ్వలేదు. గోడకి ఆనుకుని కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. దానికి ఐదో నెల.

నేను ఆ మూల మళ్ళీ ఊడ్చాను. శెవ్వాపేటలో మా వీధి వాళ్ళెవరూ చెత్త పారేయరు. పట్టీలు కోసినప్పుడూ ఆకురాయితో రుద్దినప్పుడూ రాలే వెండి పొడి కంటికి ఆనదు. చాప నేతలో ఉంటుంది, మగవాళ్ళ చొక్కాల మడతల్లో ఉంటుంది, జుట్టులో ఉంటుంది. పెళ్ళయి వచ్చిన మర్నాడే అత్త నా చేతికి చీపురిచ్చి, గడప దాటి ఊడవకూడదని చెప్పింది. అప్పటినుంచి నేను ఊడుస్తున్నాను. మగవాళ్ళు చేతులు కడుక్కున్న నీళ్ళు తొట్టిలో పట్టి తేరుస్తాను. చేతులు తుడుచుకున్న గుడ్డలు మూటగట్టి కాల్చి, బూడిద డబ్బాలో పోస్తాను. మా ఆయన తల దువ్వుకున్న దువ్వెన కూడా ఆ డబ్బాలోకే దులుపుతాను. బంధువులెవరైనా "మీ ఆవిడేం చేస్తుంది?" అని అడిగితే, "ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది," అంటాడాయన. వాళ్ళ చేతుల కింద రాలినదంతా నా నడుము వంగితేనే మళ్ళీ వెండి అవుతుందని ఆయనకి తెలియక కాదు. అది పని అని ఎప్పుడూ తోచలేదు. నిజానికి నాకూ తోచలేదు.

వీధిలో ఇంకే ఇంటికీ లేని ఆచారం ఒకటి మా ఇంటికుంది. అది మాకు గొప్ప. కోడలు కడుపుతో ఉంటే ఐదో నెలలో మంచిరోజు చూసి, ఇంట్లో ఊడ్చి పోగేసిన పొడినీ బూడిదనీ పెరటి పొయ్యి మీద కరిగిస్తారు. బాండీలో సీసం కరిగించి ఆ బూడిదలో కలిపితే, ఎక్కడెక్కడి వెండినీ సీసం పట్టుకుంటుంది. తర్వాత దాన్ని నిప్పుల మీద పెట్టి ఇత్తడి ఊదుగొట్టంతో ఊదాలి. ఊదగా ఊదగా సీసం కొంత పొగై లేచిపోతుంది, కొంత అడుగున బూడిదలోకి ఇంకిపోతుంది, చివరికి వెండి ఒక్కటే కన్నులా తెరుచుకుంటుంది. ఊదవలసింది కడుపుతో ఉన్న పిల్లే. తల్లి ఊపిరితో తేరిన వెండితో మొలతాడు చేయించి కడితే బిడ్డకి ఏ చెడూ సోకదని మా అత్తకి వాళ్ళత్త చెప్పింది. పని అయ్యాక బాండీని చింతపండుతో తోమి వంటింట్లో పెట్టేవాళ్ళం. నిప్పులో కాలినదానికి మైల లేదనేది అత్త. మర్నాడు అందులోనే అప్పడాలు వేగేవి.

నేను మూడుసార్లు ఊదాను. మూడు మొలతాళ్ళు తయారయ్యాయి. కట్టించుకోవడానికి ఎవరూ రాలేదు.

మొదటిసారి పోయినప్పుడు అత్త "ఏడుస్తూ ఊదావేమో" అంది. రెండోసారి "పొగకి మొహం తిప్పుకున్నావు, నేను చూశాను" అంది. అందుకని మూడోసారి మొహం తిప్పుకోలేదు. కళ్ళు మండుతున్నా, నాలుక మీద తియ్యగా ఇనుపరుచి పేరుకుంటున్నా, పొగలోకి వంగి చివరిదాకా ఊదాను. నోట్లో ఆ తీపి తగ్గలేదంటే అత్త సంతోషించింది, అది వేవిళ్ళ రుచి, మంచిదే అంది. అదీ పోయాక అత్త ఏమీ అనలేదు. మా ఆయనే అన్నాడు, అన్నం కలుపుకుంటూ, కోపం కూడా లేకుండా: "నీ ఊపిరి మంచిది కాదేమోనే."

నేను నమ్మాను. పసిపిల్లల మీద వంగితే ఊపిరి బిగబట్టేదాన్ని. ఎదురింటివాళ్ళు బారసాలకి పిలిస్తే గుమ్మంలోంచే చూసి వచ్చేదాన్ని. పూంగొడికి రోజు ఖాయం చేసినప్పుడు అత్త నన్ను పక్కకి పిలిచి, "ఆ పూట నువ్వు పెరట్లోకి రాకమ్మా, ఏమనుకోకు," అంది. ఏమీ అనుకోలేదు. మంచిదేలే అనుకున్నాను.

అలాంటి నన్ను క్లాసుకి పంపింది మా ఆయనే. తుక్కు వెండిని ఇంటిదగ్గర ప్రమాదం లేకుండా శుద్ధి చేసుకోవడం నేర్పుతామనీ, ఇంటికొకరు రావాలనీ పనివాళ్ళ సంఘం నుంచి కబురొచ్చింది. "నాకు రోజు పని పోతుంది. నువ్వెళ్ళు. భోజనం పెడతారట, సంచీ కూడా ఇస్తారట," అన్నాడు. అక్కర్లేని పాత వెండి కాస్త తెచ్చుకోమన్నారు. ఇంటినిండా వెండి. కానీ ఎవరినీ అడగకుండా తీసుకోగలిగిన వెండి ఏముందని వెతికితే నాకు ఆ మూడు మొలతాళ్ళే దొరికాయి. రుమాల్లో కట్టుకుని వెళ్ళాను.

క్లాసు బడి మేడ మీద. జెబమణి టీచర్ అందరికీ చేతి తొడుగులు, కళ్ళద్దాలు, ముక్కుకీ నోటికీ బిగించుకునే ముసుగులు పంచింది. ఆ తర్వాత హాజరు పిలిచినంత మామూలుగా అడిగింది: "కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే కిందకి వెళ్ళి కూర్చోండి. పుస్తకాలిస్తాం, పని దగ్గరికి మాత్రం రావద్దు."

ఒక పిల్ల సిగ్గుపడుతూ లేచి మెట్లు దిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాపం టీచర్‌కి మా సంగతి తెలియదనుకుని.

"మా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళే చెయ్యాలి టీచర్," అన్నాను.

"ఏం చెయ్యాలి?"

"ఊదాలి. సీసం పోయేదాకా."

టీచర్ చేతిలో ఉన్న గాజుపాత్ర బల్ల మీద పెట్టింది. "సీసమా? ఇంట్లోనా? ఎవరు ఊదారు?"

"నేనే. మూడుసార్లు."

"పిల్లలెంతమంది?"

నేను చేతిలోని రుమాలు ముడి బిగించాను. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. టీచర్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నేను డాక్టర్ని కాదమ్మా. మీ విషయంలో ఇదే జరిగిందని నేను చెప్పలేను. కానీ సీసం పొగ తల్లి రక్తంలోకి, అక్కణ్ణించి బిడ్డలోకి వెళుతుంది. దానివల్ల కడుపు పోవచ్చు. ఇది కొత్త సంగతి కాదు, అందరికీ తెలిసిందే."

అందరికీ తెలిసిందే. ఆ మాట తర్వాత చాలాసేపు నాకు చెవులు పనిచేయలేదు. ఎండ కనబడుతోంది, టీచర్ పెదవులు కదలడం కనబడుతోంది. అందరికీ అంటే ఎవరికి? ఈ మేడ మీది వాళ్ళకా? బడిలో పుస్తకం చదివే పిల్లలకా? నేను మొహం తిప్పుకోకుండా ఊదినప్పుడు కూడా ఊళ్ళో ఎవరికో తెలుసా? తెలిసినవాళ్ళలో ఒక్కరైనా మా వీధిలోంచి నడిచి వెళ్ళి ఉంటారా?

ఇంటికి వెళ్ళిపొమ్మంది టీచర్. వెళ్ళలేదు. తొడుగులు వేసుకున్నాను. గాలి వీపువైపు నుంచి వచ్చేలా నిలబడాలి. ముందు నీళ్ళు, వాటిలోకి ఆసిడ్. ఎప్పుడూ నీళ్ళలోకే ఆసిడ్, ఆసిడ్‌లోకి నీళ్ళు కాదు. ఒలికితే చల్లడానికి పక్కనే సోడా ఉప్పు ఉండాలి. మళ్ళీ వంటకి వాడే పాత్ర ఏదీ ముట్టకూడదు. చెప్పినవన్నీ చేశాను. రుమాలు విప్పి మొలతాళ్ళు ఒక్కొక్కటే గాజుపాత్రలోకి జార్చాను. ఎర్రటి పొగ లేచింది. పొగని చూడగానే నా నడుము దానంతటదే వంగింది. ముసుగు కిందకి లాగి, పెదవులు గుండ్రంగా చుట్టి, ఊదడానికి సిద్ధమయ్యాను.

టీచర్ నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "ఏం చేస్తున్నావు?" అని అరిచింది.

ఏం చేస్తున్నానో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఏం చేశానో తెలిసింది. ఎవరో మంచినీళ్ళిచ్చారు, తాగలేకపోయాను.

మొలతాళ్ళు కరిగి నీళ్ళు నీలంగా మారాయి. వెండిలో కలిపిన రాగిది ఆ రంగు అంది టీచర్. రాగిరేకు ముంచితే దాని చుట్టూ వెండి తడి బూడిదలా పేరుకుంది. కడిగి, ఆరబెట్టి, వెలిగారం వేసి మూసలో కరిగించాం. ఎవరూ ఊదలేదు. తెల్లటి వెండి ముద్ద వచ్చింది. మా ఇంట్లో అంత తెల్లటి వెండి నేను చూడలేదు.

మర్నాడు అందరూ గుడికెళ్ళినప్పుడు బాండీని పాత చీరలో చుట్టి తీసుకెళ్ళి టీచర్‌కిచ్చేశాను, మళ్ళీ ఎవరి వంటింటికీ చేరకుండా చూడమని.

"ఎవరికిచ్చావే?" అత్త ఇంకా అడుగుతూనే ఉంది.

చీపురు గోడకి ఆనించి చెప్పాను. టీచర్ చెప్పింది చెప్పినట్టు, ఒక మాట పెంచకుండా. పూంగొడి చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"ఆ టీచరేమన్నా డాక్టరా?" అన్నాడు మా ఆయన.

"కాదు. ఆమే చెప్పింది కాదని. నా ఊపిరి మంచిది కాదని చెప్పినప్పుడు మీరు డాక్టరా?"

ఆయన చేతిలో పట్టకారు ఆగింది.

"బాగుంది సంబడం," అంది అత్త. "నేనూదలేదా? మా అత్త ఊదలేదా? ఎదురుగా ఇద్దరు కొడుకులు దుక్కల్లా కూర్చోలేదా?"

"మీరు ఎన్నిసార్లు ఊదారత్తా?"

"ఎన్నిసార్లేమిటి..." అని అత్త అలవాటుగా బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది. ఒకటి. రెండు. వేలు రెండో కణుపు దగ్గర ఆగలేదు. ఇంకా జరిగింది. అత్త తన చేతివంకే చూస్తూ ఉండిపోయింది, అది ఎవరిదో చెయ్యి అయినట్టు.

"అమ్మా," అన్నాడు అళగేశన్. "మేమిద్దరమే కదా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం లేదు. నోరు ఎలా మూసుకోవాలో మర్చిపోయినట్టుంది. ఆ రోజు బడి మేడ మీద నేనూ అలాగే నిలబడి ఉంటాను. కాసేపటికి అత్త లేచి దేవుడిగదిలోకి వెళ్ళి, పసుపుగుడ్డలో చుట్టిన ఇత్తడి ఊదుగొట్టం తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది. దాన్ని ముట్టుకున్న చెయ్యి చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"అయితే ఏమంటావిప్పుడు?" అన్నాడు మా ఆయన. గొంతు పెంచాలని చూశాడు, పెరగలేదు. "ఆచారం మాన్పించడానికి నువ్వెవరివి?"

"ఊడ్చేదాన్ని," అన్నాను. "నేను ఎత్తకపోతే మీకు కరిగించడానికి బూడిదెక్కడిది?"

రుమాలు విప్పి వెండి ముద్ద ఊదుగొట్టం పక్కన పెట్టాను. అది ఏమిటో, దేనితో వచ్చిందో చెప్పాను. మా ఆయన చెయ్యి దానివైపు చాచి, అందుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. పూంగొడి నా దగ్గరికి జరిగి కూర్చుంది. దాని మొహంలో మొహం పెట్టాను, ఊపిరి బిగబట్టకుండా.

"రేపు పొద్దున పూంగొడిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తున్నాను," అన్నాను అందరికీ వినబడేలా. "ఆ పెరట్లోకీ ఈ గదిలోకీ ఇది ఇక రాదు. చెత్త ఇకమీద నాది. టీచర్ నేర్పినట్టు నేర్చుకుని, మన మేడ మీద, నా ముసుగుతో నేనే శుద్ధి చేసుకుంటాను. బిడ్డ పుట్టాక అప్పుడు ఆలోచిద్దాం మొలతాడు సంగతి."

నేను ఊదుగొట్టం చేతిలోకి తీసుకున్నాను.

"ఇక ఈ ఇంట్లో ఎవరూ ఊదరు."