అచ్చమ్మ ఊదిన బంతి

మూడో బంతి ఊదుతూ ఉండగా కన్నయ్యకు దగ్గుతెర వచ్చింది. రబ్బరు తిత్తి మెడను రెండు వేళ్ళతో నొక్కిపట్టి, గోడవైపు తిరిగి తీరిగ్గా దగ్గి, మళ్ళీ నోట పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి, కణతల మీద నరాలు లేచాయి. తోలుసంచిలో తిత్తి నిండుతున్నకొద్దీ కుట్లు బిగిశాయి. మెడ మడిచి దారంతో కట్టి, చీలికలోంచి లోపలికి తోసి, పైన తోలుతాడు బిగించాడు. గోటితో కొట్టి విన్నాడు. పుచ్చకాయలా పలికింది.

తెలుగుగడ్డ మీది బారువలో ఓడెక్కి వచ్చి, రంగూను రేవులో బియ్యం బస్తాలు మోసి, నడుం పోయాక తోలు కుట్టడం నేర్చిన మనిషి అతను. స్ట్రాండు యూనియన్ ఫుట్‌బాలు జట్టు బంతులన్నీ అతనే కుట్టి ఊదేవాడు. ఆ జట్టు మూడేళ్ళుగా ఓడలేదు. పందెం కాసినా ఫలితం ముందే తెలిసిపోతోందని చౌక్తడా పేట గుమాస్తాలు పందేలే మానేశారు. ఈ ఘనతలో తన వాటా ఏమిటని కన్నయ్య ఎన్నడూ అడగలేదు. అతని వాటా గాలి. గాలి కొట్టడానికి దొరల సీమ నుంచి ఇత్తడి పంపు ఒకటి వచ్చింది గాని, మొదటి వానాకాలానికే చెడిపోయింది. కన్నయ్య అంత సుకుమారం కాడు, పదేళ్ళు పనిచేశాడు.

నాలుగో బంతి అటక మీద, పాత చీర ముక్కలో ఉంది. దాన్ని అతను ఊదలేదు. కిందటేడు కప్పు ఆట నాటి పొద్దున దగ్గు ఆగకపోతే, పెళ్ళాం అచ్చమ్మ నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి చెవి మీద పెట్టుకుంది.

"నీ ఊపిరికి పొయ్యి కూడా రాజుకోదు. ఇలగియ్యి."

చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని గంటలకొద్దీ కబుర్లు చెప్పగల మనిషికి బంతి ఒక లెక్కా? ఆడది ఊదిందని తెలిస్తే క్లబ్బు దొరలు ఏమంటారోనని అతను భయపడ్డాడు.

"ఏటంటారు? ఎవురూదినా తన్నడానికే గదా," అంది.

పుష్యమాసంలో జ్వరం వచ్చి, ఎవరికీ చాకిరీ పెట్టకుండా పోయింది. ఆమె చీరలూ గిన్నెలూ పక్కగది సూరమ్మ సర్దింది. ఊపిరి మాత్రం బంతిలో ఉండిపోయింది. కన్నయ్య రోజూ బొటనవేలితో నొక్కి చూసుకునేవాడు. వేలు నానాటికీ లోతుగా దిగుతోంది. ఆమె ఇంట్లోంచి చెప్పకుండా కొంచెం కొంచెంగా వెళ్ళిపోతున్నట్టుండేది.

గొడుగు దులుపుకుంటూ క్లబ్బు గుమాస్తా వెంకటరాజు వచ్చాడు.

"కన్నయ్యా, కప్పు గెలిచిన బంతేదీ? ఈ ఏడు మొదటాట దాంతోనే ఆడాలంట. దొర నమ్మకం."

"అది పనికిరాదు బాబూ. కుట్లూడిపోనాయి."

వెంకటరాజు గొడుగుకొనతో అటక మీది బంతిని కిందికి దొర్లించాడు. "నీకన్నా గట్టిగానే ఉంది. పాతగాలి తీసేసి కొత్తగా ఊదు."

"తియ్యకూడదు బాబూ."

"ఏటి, లోపల బంగారం గానీ దాచినావా?"

కన్నయ్య బంతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. గోడవైపు తిరిగి తోలుతాడు విప్పి, లోపలి గాలి ఇసుమంత కూడా జారకుండా తిత్తి మెడ నొక్కి, పెదవుల మధ్య పెట్టుకున్నాడు. అతను ఊదేలోపే లోపలినుంచి వెచ్చగా ఏదో నాలుకకు తగిలింది. అడ్డపొగ వాసన. కళ్ళు మూసుకుని, ఆ ఊపిరి వెనకాలే తన ఊపిరి తోశాడు.

వానలో ఆట మొదలైంది. జనం గోల్స్ చూశారు. మిగతా బంతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కన్నయ్య ఆ ఒక్క బంతినే చూశాడు. బతికుండగా మొగుడి చేత కూడా మాట పడని మనిషి ఇరవై రెండు మంది చేత తన్నులు తింటోంది. మూడో గోలు పడ్డాక ఎదటి జట్టు గోల్‌కీపరు, బర్మా కుర్రాడు, వెనక్కి తిరిగి, తన వెనకాల చుట్ట కాలుస్తున్నదెవరని కోపంగా అడిగాడు. అక్కడ ఎవరూ లేరు.

ఒకసారి బంతి ముళ్ళకంచె వైపు దూసుకొచ్చింది. రేవు పని వదిలాక మొదటిసారి కన్నయ్య పరుగెత్తాడు. కంచెకు తగలకముందే దాన్ని రొమ్ముకు హత్తుకుని బురదలో పడ్డాడు. జనం పడీపడీ నవ్వారు.

నాలుగు, సున్నా. వెంకటరాజు తానే గోల్ వేసినట్టు వెలిగిపోతూ వచ్చాడు. "ఈ ఏడూ మనదే. ఇది మెత్తబడింది చూడు. కలకత్తా నుంచి కొత్త పంపొచ్చింది, పొద్దున్న తెస్తాను. పాతగాలంతా తీసిపారేసి శుభ్రంగా కొట్టేద్దాం. ఇంక నువ్వు ఊదక్కర్నేదు, హాయి."

దీపాల వేళకు సూరమ్మ గంజి తెచ్చింది. కన్నయ్య బంతి ఒళ్ళో పెట్టుకుని తోలుతాడు విప్పుతున్నాడు.

"అన్నా, నీ రొమ్ములో పిల్లికూతలు నా గదిలోకినబడతన్నాయి. పొద్దున్న పంపొస్తాది గదా, ఆగలేవా?"

"మెత్తగుంటే ఇప్పుతారమ్మా. గట్టిగుంటే ఎవురూ ముట్టుకోరు."

ఆమెకు అర్థం కాలేదు. చల్లారకముందే తాగమని గిన్నె అక్కడ పెట్టి వెళ్ళింది.

అతను ఊదాడు. దగ్గు వచ్చినప్పుడల్లా మెడ నొక్కిపట్టి, దగ్గు పోయాక మళ్ళీ ఊదాడు. కుట్లు కిర్రుమన్నాయి. బొటనవేలు ఇక దిగదని తేలాక తిత్తి మెడకు మైనపుదారం చుట్టి, పళ్ళతో లాగి ముడేశాడు. తోలుతాడు బిగించి గోడకు చేరగిలబడ్డాడు. వీధిలో ట్రాము గంట వినిపించింది. బంతి మీద చెయ్యి వేసుకుని, చాలాసేపు పని చేసినవాడిలా నోరు కొంచెం తెరిచాడు.

పొద్దున్న వెంకటరాజు పంపు తీసుకొచ్చేసరికి సూరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె పక్కకు జరిగింది. అతను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. గంజి మీద మీగడ కట్టింది. గోడకు ఆని, తెరిచిన నోటితో బిగుసుకుపోయిన కన్నయ్యను చూసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళోని బంతిని అందుకుని, బొటనవేలితో నొక్కాడు. దిగలేదు. బంతిని చాప మీద దించి, పంపును మళ్ళీ కాగితంలో చుట్టుకున్నాడు.

"ఇక్కడ చుట్టెవురు కాలుస్తన్నారు?" అన్నాడు మెల్లగా.

"ఎవురూ నేరు బాబూ," అంది సూరమ్మ.

చాప మీద బంతి గట్టిగా, గుండ్రంగా, నిన్నటి బురద ఎండి, కదలకుండా ఉంది.