పక్కపక్కన, ఒకదాని వెనక ఒకటి

అల్లుణ్ణి పదో గ్రహమని ఎవరన్నారో గానీ, ఆ అన్నవాళ్లు మోటార్ల మామను చూసి ఉండరు. ఈ ఇంట్లో గ్రహమంటే మామే. అల్లుడు పాపం నోట్లో నాలుక లేని మనిషి.

మామది మోటార్లు, ఫ్యాన్లు, పాత రేడియోలు బాగుచేసే కొట్టు. అల్లుడు ప్లంబరు. పెళ్లయిన కొత్తల్లో అత్తగారింట్లో కారుతున్న కుళాయిలన్నీ ఒక్క పూటలో బాగుచేసేశాడని, మామ ఆయనకు నీళ్లల్లుడని పేరు పెట్టాడు. మెచ్చుకోలుగా పెట్టాడో వెక్కిరింపుగా పెట్టాడో ఈనాటికీ తేలలేదు. పేరు మాత్రం వీధంతా పాకింది.

ఆ నీళ్లల్లుడు ఒకరోజు నిచ్చెన మీంచి జారాడు. విరిగిన మోకాలు అతుక్కుంది గానీ, ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. ప్లంబరుకు నిచ్చెన వద్దంటే చేతులు కట్టేసి అన్నం తినమన్నట్టే. పదిహేనో ఏట పట్టిన రెంచి తప్ప ఆయన చేతికి వేరే విద్య లేదు. మంచమ్మీద పడుకుని పైకప్పు చూస్తుంటే భార్యే దారి చెప్పింది.

"నాన్న కొట్లో కూర్చోండి. అక్కడ ఎక్కడానికి స్టూలు తప్ప ఏమీ ఉండదు."

మామ ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టు కనిపించకుండా. "నెలాఖరు దాకా చూస్తా. పక్కన చెప్పుల షాపాయన నడిమి గోడ తీసేసి రెండు కొట్లూ కలుపుకుంటానని అడుగుతున్నాడు. నువ్వు పని పట్టుకుంటే కొట్టు నీది. పట్టుకోలేదా, ఆయనకి అద్దెకిచ్చేసి ఇంట్లో కూర్చుంటా. నీళ్లు వేరు, కరెంటు వేరు అల్లుడూ. ముందే చెబుతున్నా."

కొట్టు ఇరుకు. గోడకు రెక్కలు లేని ఫ్యాన్లు వేలాడుతుంటాయి, బల్ల మీద రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన. అరలో పాత బిస్కెట్ డబ్బాల నిండా కెపాసిటర్లు. వాటి గురించి మామ చెప్పిన పాఠం మూడు ముక్కలు. "ఇది కరెంటును కాస్త దాచుకుని తిరిగి తోస్తుంది. మోటారు కదలడానికి ఆ తోపు కావాలి. స్విచ్చి ఆపాక కూడా వేలు పెట్టకు, కరుస్తుంది." మర్నాడే అది అల్లుడి వేలు కరిచింది. మామ ఆ పూటంతా నవ్వుతూనే ఉన్నాడు.

అడిగితే చెప్పే రకం కాదు ఆయన. చూసి నేర్చుకోమంటాడు. అల్లుడు చూస్తూనే ఉన్నాడు. సెలూన్ ఆయన తన పాత వాల్వు రేడియో తెచ్చిన రోజు కూడా చూశాడు. ఆ రేడియో లేకపోతే కత్తెర లయ తప్పుతుందంటాడు సెలూన్ ఆయన. మామ మీటరు పెట్టి, "లోపల ఐదొందల వోల్టులు. అంతకు పైన ఓర్చుకునే కెపాసిటరే వేయాలి" అన్నాడు. డబ్బాలోంచి ఒకటి తీసి, ట్యూబులైటు దగ్గరగా పెట్టి, కళ్లు చికిలించి, "ఐదొందల యాభై, భేషుగ్గా సరిపోద్ది" అని వేసేశాడు. రేడియో పాడింది. సెలూన్ ఆయన దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుపోయాడు.

అసలు గొడవ లాండ్రీ ఆవిడతో వచ్చింది. బట్టలు పిండే పెద్ద మోటారు మొరాయించిందని రిక్షాలో వేసుకుని వచ్చింది. లాడ్జి దుప్పట్లన్నీ తడిగా గుట్టపడి ఉన్నాయట, సాయంత్రానికి అప్పజెప్పాలట. మామ ఏదో పని మీద పొద్దున్నే బయటికెళ్లాడు. ఏం పనో చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికి?

అల్లుడు మోటారు విప్పి చూశాడు. లోపల రాగి తీగ చుట్టిన వైండింగు బాగానే ఉంది. కెపాసిటరే ఉబ్బిపోయి ఉంది. దాని మీద యాభై మైక్రోఫారడ్లని, అంటే అది దాచుకోగల కొలత, రాసి ఉంది. డబ్బాలన్నీ గాలించాడు. యాభై దొరకలేదు. ఇరవై ఐదువి రెండు దొరికాయి.

ఇరవై ఐదూ ఇరవై ఐదూ యాభై. ఇందులో ఆలోచించడానికేముంది? పొడుగు పైపు లేకపోతే రెండు పొట్టి పైపులు చివరా చివరా కలపడం ఆయన చేయి వేలసార్లు చేసిన పని. ఒకదాని చివర రెండోదాని మొదలుకు కలిపి, టేపు చుట్టి, మోటారుకు తగిలించి స్విచ్చి వేశాడు.

మోటారు గుర్రుమంది. కదల్లేదు. ఇంకోసారి వేశాడు. మళ్లీ గుర్రుమంది, ఈసారి వేడి వాసన కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే మామ గుమ్మంలోకొచ్చాడు. వాసన పట్టగానే వచ్చి స్విచ్చి ఆపాడు. టేపు చుట్టిన కెపాసిటర్లను వేళ్లతో తడిమి చూసి ముఖం మాడ్చాడు.

"ఇవేం పైపులనుకున్నావా? ఒకదాని వెనక ఒకటి కడితే యాభై కాదు, పన్నెండున్నర అయింది. ఇంకాసేపుంటే వైండింగు కూడా మాడిపోయేది, ఈవిడ నన్ను ఉతికి ఆరేసేది."

"నాకు సాయంత్రానికి కావాలంతే. ఎవరు మాడితే నాకెందుకు" అంది లాండ్రీ ఆవిడ.

మామ టేపు విప్పించి, రెండిటి మొదళ్లూ ఒక చోట, చివర్లూ ఒక చోట కలిపించాడు. పక్కపక్కన. స్విచ్చి వేస్తే మోటారు ఒక్క ఉదుటున తిరిగింది. లాండ్రీ ఆవిడ ముఖం విప్పారింది. అల్లుడికి మాత్రం ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అవే రెండు, అదే తీగ. రెండు కలిస్తే ఒకదానికంటే తగ్గడమేమిటి?

"మామయ్యా, ఎందుకు తగ్గింది?"

"నీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చెప్పుల షాపాయనకి రేపో మాపో మాటిచ్చేస్తా." ఆ మాట లాండ్రీ ఆవిడ ముందే అన్నాడు. పుండు మీద కారమంటే అదే.

ఆ సాయంత్రం అల్లుడు అన్నం కలిపాడు గానీ తినలేదు. సిగ్గు కంటే భయం ఎక్కువగా ఉంది. ఈ కొట్టు కూడా పోతే ఇక తను ఏ పనికీ పనికిరాడు. ఆ మాటే పైకన్నాడు.

"మా నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, కానీ అబద్ధం చెప్పడు" అంది భార్య. "తగ్గిందన్నాడంటే తగ్గే ఉంటుంది. ఎందుకు తగ్గిందో మీరే కనుక్కోండి. నీళ్లెక్కడ కారుతున్నాయో గోడకు చెవి పెట్టి కనిపెట్టే మనిషి, ఇది కనిపెట్టలేరా?"

పొద్దున్నే పెరట్లో పళ్లు తోముకుంటుంటే మూలనున్న పాత ప్రెషర్ ట్యాంకు కంటబడింది. ఎవరింట్లోనో మార్చి తెచ్చి పడేసింది. దాని పొట్ట ఊడిపోయి లోపలి రబ్బరు పొర కనిపిస్తోంది. నీళ్లు ఒత్తితే రబ్బరు ఉబ్బుతుంది, ఒత్తిడి తగ్గగానే నీళ్లను తిరిగి తోస్తుంది. దాచుకుని తిరిగి తోస్తుంది. మామ అన్నది అదే మాట కదూ.

నోట్లో బ్రష్షుతోనే చతికిలబడ్డాడు. పైపుకు అడ్డంగా ఇలాంటి రబ్బరు పొర బిగించామనుకుందాం. నీళ్లు అవతలికి దాటవు. కానీ ఇటు తోస్తే పొర ఉబ్బి అటువైపు నీళ్లను అంతే మేర జరుపుతుంది. కుళాయి కట్టేసి తోపు ఆపినా పొర ఉబ్బే ఉంటుంది. వేలు పెడితే కరవక ఏం చేస్తుంది?

ఇప్పుడు అలాంటి పైపులు రెండు పక్కపక్కన పెడితే? అదే తోపుకు రెండు పొరలూ ఉబ్బుతాయి, రెట్టింపు నీళ్లు పడతాయి. అది సరే. ఒకే పైపులో ఒక పొర వెనక ఇంకో పొర పెడితే? ఆయన బొటనవేలితో రబ్బరు నొక్కి చూశాడు. ముందు పొర జరిగినంతా వెనక పొర కూడా జరగాలి. ఇద్దరు మొండివాళ్లను ఒకేసారి నెట్టడమన్నమాట. ఉన్న తోపును రెండూ పంచుకుంటాయి. ఒక్కోదానికి సగం తోపే అందుతుంది, సగమే ఉబ్బుతుంది. పట్టే నీళ్లు కూడా సగమే. ఇరవై ఐదులో సగం పన్నెండున్నర!

"అర్థమైంది" అని లోపలికి పరిగెత్తబోయి మోకాలు గుర్తొచ్చి కుంటుకుంటూ వెళ్లాడు.

"ముందు నోరు కడుక్కోండి" అంది భార్య.

మామకు చెప్పాలని గాలిలో తేలుతూ కొట్టుకెళితే, అక్కడ సెలూన్ ఆయన బల్లకానుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద రేడియో.

"టప్ మని పేలిందండీ. గడ్డం గీయించుకుంటున్నాయన కుర్చీలోంచి లేచి, సబ్బు నురగతోనే వీధిలోకి పోయాడు."

మామ రేడియో వెనక మూత తీసి, పొట్ట పగిలిన కెపాసిటరును బయటికి లాగాడు. "సరుకే నాసిరకం. ఈ రోజుల్లో ఏదీ నమ్మేట్టు లేదు" అని దాన్ని అల్లుడి ముందుకు తోసి, సెలూన్ ఆయనతో పాటు టీకి వెళ్లాడు.

అల్లుడు దాన్ని తీసి చూశాడు. పక్కన చిన్న అక్షరాల్లో స్పష్టంగా ఉంది. మూడొందల యాభై వోల్టులు. తప్పు చదివానేమోనని గుమ్మంలోకెళ్లి ఎండలో చూశాడు. మూడే, ఐదు కాదు.

నిన్న తనను నలుగురిలో దులిపేసిన మామ, ఐదొందల చోట మూడొందల యాభైది పెట్టాడు. ఇంకొకరైతే ఆ ముక్కను పళ్లెంలో పెట్టి మామ ముందుంచేవాళ్లు. అల్లుడికీ ఒక్క క్షణం నోరు దురదపెట్టింది, లేదని నేను అనను. కానీ వెంటనే ఇంకొన్ని గుర్తొచ్చాయి. ట్యూబులైటు దగ్గర చికిలించిన కళ్లు. కెపాసిటర్లను చూడకుండా తడిమిన వేళ్లు. ఈమధ్య సన్న తీగ పనులన్నీ 'రేపు చూద్దాం' అని పక్కన పెట్టేయడం. కోపం కాస్తా దిగిపోయింది.

మామ తిరిగొచ్చేసరికి డబ్బాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"మామయ్యా, ఐదొందలు దాటింది మన దగ్గర లేదు. ఉన్నవన్నీ మూడొందల యాభైవే. ఒకే రకంవి రెండు, ఒకదాని వెనక ఒకటి కడితే? వోల్టులు చెరి సగం పంచుకుంటాయి కదా. ఒక్కోదాని మీద రెండొందల యాభైయే పడుతుంది. దాచుకునేది సగమవుతుంది గానీ, రెట్టింపువి చూసి వేస్తే సరి."

మామ దగ్గరికొచ్చాడు. అల్లుడి అరచేతిలోని పగిలిన ముక్కను చూశాడు, అంటే చూసినట్టు ముఖం అటు పెట్టాడు.

"దాని మీద ఎంతుంది?"

అల్లుడు ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పాడు.

"మూడొందల యాభైయా?"

"అవును మామయ్యా."

మామ స్టూలు మీద కూర్చున్నాడు. "నిన్న కంటి డాక్టరు దగ్గరికెళ్లా. కన్ను వెనక ఏదో పొర అరిగిపోయిందట. ఉన్నది నిలబెట్టుకోవడమే గానీ పోయింది తిరిగి రాదన్నాడు. మీ అత్తకీ తెలీదు. కొట్టు అద్దెకివ్వడం నీ వల్ల కాదు అల్లుడూ, నా వల్ల. నాకు కనపడటం లేదని చెప్పుకోలేక, నీకు పని రావడం లేదని నెపం పెట్టా." బల్ల మీది డబ్బానొకదాన్ని పక్కకు జరిపాడు. "ఆ లాండ్రీ ఆవిడ ముందు అంత మాట అనకుండా ఉండాల్సింది."

"నేను కట్టింది తప్పే కదా మామయ్యా."

"మోటారుకి తప్పు. దీనికి అదే ఒప్పు." మామ లేచి చేతులు దులుపుకున్నాడు. "కట్టు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. రెండిట్లో ఒకటి కాస్త మొండిదైతే భారమంతా దాని మీదే పడి అదే ముందు పేలుతుంది. అందుకని రెండిటికీ పక్కన చెరో రెసిస్టరు కట్టాలి. పంపకం సమానంగా ఉండేట్టు అవి చూసుకుంటాయి."

"మీ అమ్మాయి లాగా."

మామ నవ్వాడు. ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు.

మామ చెబుతుంటే అల్లుడు వాటి మీది రంగు గీతలు చదివి రెసిస్టర్లు ఏరాడు. మామ వేలు పెట్టి చూపించిన చోట అల్లుడు సోల్డరింగు వేశాడు. ఒక్కడు చేస్తే టీ చల్లారేలోపు అయ్యే పని, ఇద్దరూ కలిసి భోజనాల వేళదాకా లాగారు. అప్పుడొచ్చాడు చెప్పుల షాపాయన, గోడ కొలవడానికి టేపు పట్టుకుని.

"ఆ టేపు జేబులో పెట్టేయండి" అన్నాడు మామ. "కొట్టు మా అల్లుడిది."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పొద్దుట్నించీ చూస్తున్నా, ఒకరు చదవడం, ఒకరు చెప్పడం. ఇలా అయితే రోజుకు సగం పనే కదండీ అయ్యేది?"

"సగమే అవుద్ది" అన్నాడు మామ. "కానీ పేలదు."

చెప్పుల షాపాయనకు ఏమీ అర్థం కాలేదు. టేపు మడుచుకుని వెళ్లిపోయాడు. అల్లుడు తలెత్తకుండా చివరి అతుకు వేసి స్విచ్చి వేశాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి, రేడియో గొంతు సవరించుకుంది. అది పాడుతుండగానే మామ డబ్బాలోంచి ఇంకో కెపాసిటరు తీశాడు. ఈసారి ట్యూబులైటు దగ్గరికి తీసుకెళ్లలేదు. అల్లుడి చేతికిచ్చి, "దీని మీద ఏముందో చదువు నాయనా" అన్నాడు.