ఇరవై మూడు వేలిముద్రలు

అటెండరు రూబెన్ బొటనవేలు నీలంగా ఉంది. శనివారం పొద్దున టీ గ్లాసు అందుకుంటూ కరుణ చూసింది.

“ఏమైంది రూబెన్ వేలికి? తలుపులో పడిందా?”

యాభై ఏళ్ల మనిషి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. “ఏంలేదక్కా. సిరా. సబ్బేసినా పోలేదు.”

అంతే, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయాడు. రూబెన్ అలా మాట మింగే మనిషి కాడు.

నంద్యాలలో డాక్టర్ సుధీర్ తన తల్లి పుష్పావతి పేరున కట్టించిన ఆసుపత్రి అది. కరుణ అక్కడ పదేళ్లుగా నర్సు. ఏడాదిగా ఆమెకు ఇంకో పని కూడా పడింది. హైదరాబాదు మందుల కంపెనీ ఒకటి మోకాళ్ల నొప్పికి కొత్త మాత్ర తయారు చేసి, దాన్ని మనుషుల మీద పరీక్షించే పరిశోధన సుధీర్ చేతిలో పెట్టింది. ఆళ్లగడ్డ చర్చికి వచ్చే ఇరవై మూడు మంది కూలి ఆడవాళ్లు ఆ మాత్రలు మింగుతున్నారు. వాళ్ల ఫైళ్లు చూసుకునేది కరుణే.

ఇలాంటి పరిశోధన న్యాయంగా నడుస్తోందో లేదో కనిపెట్టడానికి ఒక నీతి సంఘం ఉండాలని నియమం. సుధీర్ ఆ నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. సంఘంలో వకీలు ఆయన బావమరిది. సామాన్య ప్రజల ప్రతినిధి ఆయన కన్నతండ్రి హనుమంతయ్య, నూనె మిల్లు యజమాని. మీటింగు మొదలైన పది నిమిషాలకు పెద్దాయన కునుకు తీసేవాడు. సంతకం వేళకు లేపేవాళ్లు. నీతి అలా నిద్రలోనే గట్టెక్కేది.

ఏప్రిల్లో ఆ ఇరవై మూడు మందిలో ఎలిజబెత్ చనిపోయింది. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, పదకొండు రోజుల్లో పోయింది. ఫైల్లో మాత్రం సుధీర్ తన చేత్తో రాశాడు: “స్వచ్ఛందంగా తప్పుకున్నది. కూతురితో బెంగళూరు వెళ్లినది.” కూతురు మంజుల ఆళ్లగడ్డ దాటి కడప కూడా చూసిన మనిషి కాదు.

చచ్చిన మనిషిని బస్సు ఎక్కించిన ఆ డాక్టరంటే కరుణకు రోత పుట్టింది. రోత కన్నా భయం ఎక్కువ పుట్టింది. ఆమె పెద్దమ్మ రూతు ఇంకా ఆ మాత్రలే మింగుతోంది. మానెయ్యమని కాళ్లావేళ్లా పడినా వినలేదు.

“మోకాళ్లు వంగుతాండాయి పాపా. ఆరేండ్లకు మళ్లా మోకరించి ప్రార్థన చేసుకుంటాండా. డాక్టరు మానమంటే మానుతా. నువ్వు చెప్తే మానాల్నా?”

సోమవారం కంపెనీ పెద్ద డాక్టరు సుష్మ వస్తోంది. ఆ రోజు నుంచి ఆళ్లగడ్డ వాళ్లకు మాత్ర మోతాదు రెట్టింపు. పాములపాడు, పగిడ్యాల ఊళ్లలో ఇంకో రెండు వందల మందికి కొత్తగా మొదలు. అంటే రూతును కాపాడుకోవడానికి కరుణకు రెండు రోజులున్నాయి.

టీ తాగి ఆమె రికార్డు గది తెరిచింది. ఆ గదిలోకి ఫోను తేకూడదు. ఆసుపత్రి మొత్తంలో సుధీర్ నిజంగా అమలు చేసే నియమం అదొక్కటే.

నిన్న సాయంత్రం దాకా లేని కాగితాలు ఫైళ్లలో ఉన్నాయి. మార్చిలో కంపెనీ కొత్త సమ్మతి పత్రాలు పంపింది. ఈ మాత్ర కొందరికి కాలేయం చెడగొట్టవచ్చని వాటిలో ఉంది. ఆ మాట ఒక్కొక్కరికీ చదివి వినిపించి, మళ్లీ సంతకం తీసుకోవాలి. చదివితే అందరూ మానేస్తారని సుధీర్ ఆ కట్ట విప్పనే లేదు. ఇప్పుడవి నింపి ఉన్నాయి. తేదీ మార్చి ఇరవై ఒకటి, శుక్రవారం. పత్రం మీద డాక్టరు కూడా సంతకం చెయ్యాలి మరి. మిగతా నెలంతా ఆయన మీటింగుల పేరుతో ఊళ్లు తిరిగాడు. నంద్యాలలో ఉన్నది ఆ ఒక్క రోజు. “నంద్యాలకు వచ్చినారు. ఉదయం అల్పాహారం ఇవ్వబడినది” అన్న చోట టిక్కు. కింద సంతకం గడిలో నీలం వేలిముద్ర.

ఇరవై మూడింటికీ వేలిముద్రే. కాలేయం చెడినా నాకు సమ్మతమేనని ఎలిజబెత్ కూడా వేలు ఒత్తింది.

ఆ శుక్రవారం ఆళ్లగడ్డ నుంచి ఒక్కరూ రాలేదని కరుణకు తెలుసు. నోటిమాటకు విలువేముంది? ఆమె పాత కాగితాలు తీసింది. ఏడాది కిందటి మొదటి పత్రాల మీద అందరివీ సంతకాలే, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాల్లో. అవీ ఇవీ పక్కపక్కన పెడితే గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది.

ఇక్కడే కరుణ పొరపాటు చేసింది. మధ్యాహ్నం కంపెనీ తరఫున ఫైళ్లు తనిఖీ చెయ్యడానికి ప్రదీప్ అనే కుర్ర అధికారి వస్తే, ఆ రెండు కాగితాలూ అతని ముందు పెట్టింది.

అతను వాచీ చూసుకున్నాడు. రెండింటికల్లా అహోబిలం బయల్దేరాలి. “సంతకం గడి ఖాళీగా లేదు కదా మేడమ్? నా లిస్టులో ప్రశ్న అంతవరకే.”

“మనిషి చచ్చిపోయింది సార్.”

“సరే సరే. నేను చూసుకుంటాను.”

చూసుకున్నాడు. సుధీర్ గదిలో బిర్యానీ ముందు కూర్చుని తీరిగ్గా చూసుకున్నాడు. నాలుగింటికి కరుణకు పిలుపు వచ్చింది.

“ఏందమ్మా కరుణా, ఏవో సంతకాలు కనిపించినాయంట నీకు?” సుధీర్ ఫైలు ఆమె వైపు తిప్పాడు. మొదటి పత్రాలు మారిపోయాయి. వాటి మీదా నీలం వేలిముద్రలే. సిరా ఇంకా ఆరలేదు. “మిరప చేలల్లో కలుపు తీసుకునే ముసలోళ్లు. వాళ్లకు సంతకాలెక్కడివి? కాస్త ఆలోచించొద్దా?”

“నా కళ్లతో చూసినా సార్.”

“కళ్లద్దాలు మార్చుకో. సోమవారం నుంచి రావద్దు, ఇంటికాడ విశ్రాంతి తీసుకో.”

గుమ్మం బయట రూబెన్ నేల చూస్తూ నిలబడ్డాడు. “పిల్లలు గలోన్ని అక్కా” అన్నాడు. కరుణ అతని నీలం వేలు చూసి, మెట్లు దిగింది.

ఆదివారం ఆరాధన అయ్యే వేళకు ఆమె ఆళ్లగడ్డలో బస్సు దిగింది. రిటైరైన టీచరు ప్రమీలమ్మ చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. కరుణ చెప్పిందంతా ఆమె కళ్లజోడు తుడుచుకుంటూ విన్నది. వేలిముద్రల దగ్గర చెయ్యి ఆగింది.

“ఏలిముద్రలా? నా సమాజంలోనా?”

ముప్పై ఏళ్ల కింద ఆమె సమాజంలో వేలిముద్ర మాన్పించింది. ప్రతి కూడికకూ ముందు ఎవరి పేరు వాళ్లు పుస్తకంలో రాయాలి; ఆ తర్వాతే పాట. రాయడం రానివాళ్లను పలకతో వరండాలో కూర్చోబెట్టేది. రూతుకు నాలుగు నెలలు పట్టింది. ఎలిజబెత్ మూడు వారాల్లో నేర్చుకుని, చివరి అక్షరానికి ఒక పొడవాటి తోక కూడా తగిలించింది.

“ఏ తేదీ అంటివి?”

“మార్చి ఇరవై ఒకటి.”

ప్రమీలమ్మ పుస్తకం తెరిచి, పేజీ తిప్పి, పకపకా నవ్వింది. “ఈస్టరు ముందు శ్రమదినాల్లో మూడో శుక్రారం గదనే! ఉపవాస ప్రార్థన. పొద్దున ఆరుకు లోపలికి పోతే సాయంత్రం ఆరుకు బయటికొచ్చినాం. మంచినీళ్లు గూడా ముట్టలే. ఆ పొద్దు మీ డాక్టరు మాకు యాడ ఇడ్లీలు పెట్టినాడంట?”

పేజీలో ఆ ఇరవై మూడు మంది సంతకాలూ ఉన్నాయి. పదకొండోది ఎలిజబెత్‌ది, తోకతో సహా.

“ఈ పుస్తకం నాకియ్యి టీచరమ్మా. రేపు సుష్మ మేడంకు చూపిస్తా.”

“చర్చి పుస్తకం గడప దాటదు.” ప్రమీలమ్మ అట్ట మూసింది. కరుణ ముఖం చూసి, కొంగు బిగించింది. “దాటాల్నంటే దాంతోపాటు మేమూ దాటల్ల. పొద్దున బస్సు ఎన్నింటికి?”

సోమవారం పదింటికి ఆసుపత్రి హాల్లో సభ. ముందు వరసలో వకీలు బావమరిది పక్కన హనుమంతయ్య మెడలో దండతో అప్పుడే కునుకులో ఉన్నాడు. సుధీర్ సమాజసేవ గురించి మాట్లాడుతున్నాడు. తలుపు తెరుచుకుని తెల్లచీరల్లో ఇరవై రెండు మంది లోపలికి వచ్చారు, వెనకే పుస్తకంతో ప్రమీలమ్మ, ఎలిజబెత్ కూతురు మంజుల, కరుణ.

“మాత్రలు బయట ఇస్తారమ్మా, బయట కూర్చోండి!” అన్నాడు సుధీర్.

కరుణ నేరుగా సుష్మ దగ్గరకు పోయి, నాలుగు ముక్కల్లో విషయం చెప్పింది. సుష్మ జుట్టు నెరిసిన మనిషి. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. సుధీర్ నవ్వాడు.

“పనిలోంచి తీసేసిన నర్సు మేడమ్. అక్కసు. వీళ్లను పోగేసుకొచ్చింది. పాపం, వీళ్లలో ఒక్కరికీ సంతకం పెట్టడం కూడా రాదు.”

ప్రమీలమ్మ బల్ల మీద తెల్లకాగితం పరిచింది. “రాండమ్మా, ఒగరెనక ఒగరు.”

వాళ్లు వచ్చారు. హాల్లో కలం గీరుకునే చప్పుడు తప్ప మరొకటి లేదు. రూతు నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పేరు పూర్తిచేసి, సరిచూసుకుని, కింద తేదీ కూడా వేసింది. ఇరవై రెండు సంతకాలయ్యాక ప్రమీలమ్మ సమాజం పుస్తకం తెరిచి పక్కన పెట్టింది. సుష్మ ఫైళ్లు తెప్పించుకుని ఒక్కొక్కటీ పోల్చింది. ఆమె వెనక నిలబడ్డ ప్రదీప్ తన బూట్లలో ఏదో గొప్ప విషయం కనిపించినట్టు తల వంచుకున్నాడు.

“డాక్టర్ సుధీర్, ఈ ఎలిజబెత్ బెంగళూరులో ఎక్కడుంది?”

ఆయన నోరు తెరిచేలోగా మంజుల అందుకుంది. “ఆళ్లగడ్డ సమాధుల దొడ్లో ఉండాది మేడం. అడ్రసు కావల్నంటే రాండి, నేనే సూపిస్తా.”

ఫైల్లోంచి ఆ కొత్త సమ్మతి పత్రం సుష్మ తీసి, కాలేయం గురించిన పేరా అందరికీ గట్టిగా చదివి వినిపించింది. పోయిన మార్చిలో సుధీర్ చెయ్యాల్సిన పని. రెండు నిమిషాలు పట్టింది.

“ఈ క్షణం నుంచి ఎవరూ ఈ మాత్ర మింగవద్దు. అందరికీ ఈ రోజే రక్తపరీక్షలు, గవర్నమెంటు ఆసుపత్రిలో.”

రూతు సంచిలోంచి మాత్రల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. కరుణ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఏడుస్తాండావేందే? కూసోని ప్రార్థన చేసుకుంటాలే. దేవునికి చెవుడు లేదు.”

సుష్మ పరిశోధన ఆపేస్తున్నట్టు అక్కడికక్కడే ఉత్తర్వు రాసి, అందినట్టు సంతకం పెట్టమని సుధీర్ ముందుకు తోసింది. ఆయన కలం తీశాడు. బావమరిది వైపు చూశాడు. వకీలు వద్దన్నట్టు తల ఊపాడు. కలం కాగితానికి తాకింది, లేచింది, మళ్లీ తాకింది. ఆ గొడవకు హనుమంతయ్య మేలుకుని, “నేను యాడ పెట్టల్ల?” అని అడిగాడు.

రూతు కాసేపు ఓపిగ్గా చూసింది.

“సంతకం రాకుంటే ఏలిముద్ర ఎయ్యి నాయనా. అందులో సిగ్గేముంది?”

తలుపు దగ్గర ఉన్న రూబెన్ కదిలాడు. అల్మారాలోంచి స్టాంపు ప్యాడు తెచ్చి, మూత తీసి, డాక్టరు ముందు పెట్టాడు. తర్వాత సుష్మ వైపు తిరిగి, నీలంగా ఉన్న తన బొటనవేలు ఎత్తి చూపించాడు.